వ్యక్తిగతం అని రాయని కవరు

నిధుల విభాగం, మూడో అంతస్తు
నవంబరు 6

అక్కకు నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. ఆఫీసులో మాత్రం ఎవరూ బాగా లేరు. పరాయి దేశాల్లో మన శాఖ నడిపే సాంస్కృతిక కేంద్రాలు పదకొండు కదా, వాటిలో నాలుగింటికి వచ్చే ఏడాది నుంచి నిధులు ఆపేస్తారట. మన భాష, మన పాట, మన పుస్తకం అక్కడివాళ్ళకు దగ్గరైతే మన దేశానికి స్నేహితులు పెరుగుతారని ఇన్నాళ్ళూ చెప్పుకుని బతికాం. ఇప్పుడు పైవాళ్ళు ఎంతమంది స్నేహితులో లెక్క చూపించమంటున్నారు. రోజుకు ఎంతమంది కేంద్రానికి వస్తారన్నదే కొలత. అంకె తక్కువైతే తాళం.

ఏవి ఉంచాలో తేల్చేది కమిటీ. ఒక్కో కేంద్రం ఫైలు సర్ది, పై పేజీ రాసి వాళ్ళ ముందు పెట్టేది నేను. మా అక్క ఫైలు నేను ముట్టుకోకూడదు సార్ అని డైరెక్టరు గారికి ముందే చెప్పాను. ఆయన నవ్వి, "ఆవిడ అంకె చూశాక ఎవరు ముట్టుకున్నా ఒకటేలేవయ్యా" అన్నారు. నీది నూట నలభై, అక్కా. అక్టోబరు నివేదికలో నువ్వే సంతకం పెట్టావు. తర్వాతివాళ్ళు డెబ్భై దగ్గరే ఆగిపోయారు. పాపం నీకు పని నేర్పిన పాటల మాస్టారి కేంద్రం ముప్ఫై ఎనిమిది దగ్గర ఊగుతోంది. ఆయన గురించి నాకు బెంగగా ఉంది, నీ గురించి లేదు.

నూట నలభై ఎలా సాధించావో నాలుగు ముక్కలు రాసి పంపు. పై పేజీలో పెడతాను. కమిటీ జనవరి నెలాఖరున కూర్చుంటుంది.

ఒక్క సంగతి మరిచిపోకు. పదిహేను రోజులకోసారి వచ్చే ఈ శాఖ సంచిలోనే నీ ఉత్తరం కూడా వేస్తావు కదా, కవరు మీద వ్యక్తిగతం అని రాయి. ఆ మాట లేకపోతే మా ఇన్‌వార్డు మేడమ్ ఏ కవరైనా విప్పి, ముద్ర వేసి, నంబరు వేసి ఫైల్లో కుడుతుంది. ముద్ర పడ్డాక అది ప్రభుత్వపు ఆస్తి, దేవుడొచ్చినా తీయలేడు. పోయిన ఏడాది ఎవరిదో మోకాళ్ళ నొప్పుల మందుచీటీ కూడా అలాగే రికార్డులోకి ఎక్కింది.

నీ తమ్ముడు


చదువుకునే హాలు పైన నా గది
నవంబరు 20

ఒరే నత్తా,

ఆశీస్సులు. చిన్నప్పుడు బడికి నీ అంత నెమ్మదిగా నడిచేవాడు లేడని పెట్టిన పేరు, నువ్వు ఆఫీసరువైనా మార్చేది లేదు.

నూట నలభై ఎలా సాధించావని అడిగావు. పొయ్యితో సాధించాను.

మా వీధి ట్రాం డిపో వెనక ఏటవాలుగా ఉంటుందని చెప్పాను కదా. ఈ పేట మొత్తానికీ గొట్టాల్లో వేడి పంపే బాయిలరు సెప్టెంబరు చివర్లో పేలిపోయింది. బాగుచేసేవాళ్ళు వస్తారు, తల గోక్కుంటారు, పోతారు. ఇళ్ళన్నీ మంచుగడ్డలు. మా హాల్లో మాత్రం పాతకాలపు ఇనుప పొయ్యి ఒకటుంది, దానికి బొగ్గు మన శాఖ ఇస్తుంది. అంతే, జనం వచ్చేశారు. ఇరవై నాలుగు కుర్చీలు ఉండేవి, ఇప్పుడు మెట్ల మీద కూడా కూర్చుంటున్నారు.

ఊరికే కూర్చుంటే బాగుండదని ప్రతివాళ్ళూ మర్యాదకు మన పుస్తకం ఒకటి చేతిలో పట్టుకుంటారు. రిటైరైన ట్రాం డ్రైవరు ఒకాయన రోజూ మన వ్యాకరణం తలకిందులుగా పట్టుకుని కునుకు తీస్తాడు. ఒకావిడ మన చరిత్ర రెండు సంపుటాలూ ఒళ్ళో పెట్టుకుని, వాటి మీద స్వెటరు అల్లుకుంటుంది. గేటు దగ్గరి పెద్దాయన చేతిలో నొక్కితే అంకె మారే చిన్న మర ఒకటుంటుంది. ఎవరు లోపలికొచ్చినా నొక్కుతాడు. ట్రాం డ్రైవరు సిగరెట్టు తాగి తిరిగొస్తే మళ్ళీ నొక్కుతాడు. "నేను నొక్కేది మనుషుల్ని కాదమ్మా, తలుపు తెరుచుకోవడాన్ని" అంటాడు. ఆ అంకె కిందే నేను సంతకం పెట్టాను.

నిజంగా మన పుస్తకం కోసం, మన భాష క్లాసు కోసం వచ్చేవాళ్ళు బాయిలరు పేలకముందు ముప్ఫై మంది. ఇప్పుడూ ముప్ఫైయే. మాస్టారి కంటే ఎనిమిది తక్కువ.

నాకు భయంగా ఉందిరా. తొమ్మిదేళ్ళు పట్టింది ఈ ముప్ఫై మందిని కూడగట్టడానికి. మొదటి ఏడాది భాష క్లాసుకు ఒక్కడే వచ్చేవాడు, వాడూ గొడుగు మరిచిపోయానని వచ్చి ఇరుక్కున్నవాడు. మా లైబ్రేరియన్ అమ్మాయికి ఈ జీతమే ఆధారం. తాళం పడితే ఆ పిల్ల ఎక్కడికి పోతుంది, నేను ఏ ముఖం పెట్టుకుని తిరిగొస్తాను? ఇవేవీ నివేదికలో రాయలేను. రాయకుండా ఉండలేను. పై పేజీలో ఏం రాస్తావో నాకు తెలియదు.

నీ అక్క


నిధుల విభాగం
డిసెంబరు 4

అక్కా,

కవరు మీద వ్యక్తిగతం అని లేదు.

పొద్దున పదిన్నరకు ఇన్‌వార్డు మేడమ్ నా బల్ల దగ్గరికొచ్చి, "మీ అక్కగారిది కాబోలు, సరదాగా రాస్తారే" అంది. మూడు కాగితాల మీదా గుండ్రటి ముద్ర, తేదీ, నంబరు 412. ఒరే నత్తా అన్న మాట పక్కనే ప్రభుత్వ చిహ్నం. నేను చూసేసరికే నీ కేంద్రం ఫైల్లో 411 తర్వాత కుట్టేసి ఉంది. ఆవిడ చదివింది గానీ అర్థం చేసుకున్నట్టు లేదు. ఆవిడకు ముద్ర సరిగ్గా పడిందా లేదా అన్నదే ముఖ్యం.

కమిటీలో ఒక్కరు పేజీలు తిప్పినా చాలు. నీ అంకె తప్పు అని తేలడం ఒక ఎత్తు, తెలిసే సంతకం పెట్టావని నీ చేతిరాతతోనే ఉండడం ఇంకో ఎత్తు. తొమ్మిదేళ్ళ నీ ఉద్యోగం గాలికి పోతుంది. టెలిగ్రాం ఇద్దామంటే నలుగురి చేతులమీదుగా వెళ్ళాలి, ఫోన్లో అంటే నా పక్కన ఆరుగురు కూర్చుంటారు.

ఎందుకు మరిచిపోయావక్కా? అంత స్పష్టంగా రాశాను కదా. నువ్వు ఇంట్లో ఉప్పు డబ్బా మూత కూడా మరిచిపోవు.

ఇక ఏమీ రాయకు. ఎవరికీ రాయకు. నేను చూసుకుంటాను.

తమ్ముడు


హాలు పైన గది
డిసెంబరు 18

తమ్ముడికి,

తొందరలో మరిచిపోయాను. సంచి కట్టేవాడు కింద అరుస్తున్నాడు, అతికించి ఇచ్చేశాను. ఇంకేం చెప్పను.

నేను చూసుకుంటాను అంటే ఏం చూసుకుంటావు? ఏం చేయబోతున్నావో రాయి. ఫైలు జోలికి వెళ్ళకు. నీకు పెళ్ళాం, పిల్ల ఉన్నారు. నా మాట విను.

ఇక్కడ చలి పెరిగింది. ఆ మర నూట అరవై దాటుతోంది. డిసెంబరు నివేదిక ఇంకా రాయలేదు.

అక్క


నిధుల విభాగం
జనవరి 15

అక్కా,

అయిపోయింది. నీ కేంద్రం నిలిచింది.

మంత్రిగారి ప్రయాణం అడ్డం రావడంతో కమిటీని ముందుకు జరిపారు. నిన్ననే కూర్చుంది. నీ ఫైలు మీద పట్టుమని పది నిమిషాలు కూడా గడపలేదు. పై పేజీ చూశారు, నూట నలభై చూశారు, ఒకాయన బల్ల మీద చిన్నగా తట్టాడు. ఎవరూ పేజీలు తిప్పలేదు. తిప్పినా దొరికేది కాదు.

పోయిన సంచిలో ఉత్తరం వేయకపోవడానికి కారణం అదే. కాగితం మీద పెట్టడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు పెడుతున్నాను, ఇది చదివి చించెయ్యి. భోజనాల వేళ సెక్షన్ ఖాళీగా ఉన్నప్పుడు దారం విప్పి ఆ మూడు కాగితాలూ తీశాను. మళ్ళీ కుట్టాను. నా కుట్టు మేడమ్ కుట్టు కంటే బాగా వచ్చింది. ఇంటికెళ్ళి చించేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. పదిహేడేళ్ళ నుంచి ముద్ర పడ్డ కాగితాన్ని ఒంటిమీది చర్మంలా చూసుకున్నవాణ్ణి. బీరువా అరలో పరిచిన న్యూస్‌పేపరు కింద పెట్టాను. నీ మరదలికి తెలియదు. రోజూ ఆ అరలోంచి చొక్కా తీసుకున్నప్పుడల్లా న్యూస్‌పేపరు అంచు సర్దుతున్నాను.

నాన్న కళ్ళజోడు గుర్తుందా? అప్పుడు నాకు ఏడేళ్ళు. అప్పుడూ నేనే చూసుకున్నాను. నీకు ఉపకారవేతనం పరీక్ష ఉంది, నీ మీద కోప్పడితే పాడవుతుందని. చెంప మీద వేళ్ళు అచ్చుపడితే నువ్వు అందరూ పడుకున్నాక కొబ్బరినూనె రాశావు. దాని గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇది కూడా అంతే, మాట్లాడుకోవద్దు.

ఆపేసిన నాలుగింటిలో పాటల మాస్టారిది ఉంది. ముప్ఫై ఎనిమిది మందికీ పేర్లు, వాళ్ళు నేర్చుకున్న పాటలు, అన్నీ రాసి పంపాడు ఆ మహానుభావుడు. ఆ కట్ట కూడా ఎవరూ విప్పలేదు. నాకు అన్నం సహించడం లేదు.

తమ్ముడు


హాలు పైన గది
జనవరి 15

నత్తా,

జనవరి ఒకటి సంచిలో నీ ఉత్తరం లేదు. సంచిని బోర్లించి దులిపాను. లైబ్రేరియన్ అమ్మాయి నన్ను వింతగా చూసింది. నువ్వు మాట్లాడకుండా ఉన్నావంటే ఏదో చేసి ఉంటావు, లేదా చేయబోతున్నావు. అందుకే ఇక ఆగలేను.

మాస్టారు ఉత్తరం రాశారు. "నూట నలభై అటమ్మా, ఆ కిటుకేదో నాకూ చెప్పు. ఈ వయసులోనూ నేర్చుకుంటాను" అని. వెటకారం కాదురా, నిజంగానే అడిగారు. ఆ ఉత్తరం చదివి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన కేంద్రం పోయి నాది నిలిస్తే నేను ఆయన కుర్చీ లాగేసినట్టే.

అందుకని ఈ సంచిలోనే డైరెక్టరు గారికి వేరే కవరు పెట్టాను. నా నివేదికల్లో అంకెలు తప్పు, నిజమైనవి ముప్ఫై, వివరాలకు ఇన్‌వార్డు నంబరు 412 నా ఉత్తరం చూడండి అని రాశాను. కమిటీ నెలాఖరున కదా, లోపే చేరుతుంది. అందులో నీ పేరు ఎక్కడా లేదు. నీకు ఏ ఇబ్బందీ రాదు.

నీకు మాత్రమే చెప్పాల్సింది ఇంకొకటుంది. నేను మరిచిపోలేదు.

ఆ రోజు కవరు అతికించాను. వ్యక్తిగతం అని రాయడానికి కలం మూత కూడా తీశాను. తీసి, మళ్ళీ పెట్టేశాను. తప్పు ఒప్పుకుంటూ పైకి రాసే ధైర్యం నాకు లేదు. అలాగని దాచి బతికే ధైర్యమూ లేదు. మేడమ్ విప్పి ముద్ర వేస్తే నిజం దానంతటదే బయటపడుతుంది, నేను చెప్పినట్టూ ఉండదు, చెప్పనట్టూ ఉండదు అనుకున్నాను. పొరపాటున బయటపడితే జనం జాలిపడతారు కూడా. అంత దూరం ఆలోచించాను. నువ్వు ఎందుకు మరిచిపోయావని అడిగితే నీకూ అబద్ధమే చెప్పాను.

ఇప్పుడు తేలిగ్గా ఉంది. తిట్టాలంటే తిట్టు.

నీ అక్క


ఇంటి నుంచి
జనవరి 29

కేంద్రం అధికారిణి గారికి,

మీరు డైరెక్టరు గారికి రాసిన లేఖ ఈ నెల 26న చేరింది. ఆయన వెంటనే ఫైలు తెప్పించి 412 కోసం చూశారు. 411 తర్వాత 413 ఉంది. ఇన్‌వార్డు మేడమ్‌ని పిలిచారు. ఆవిడ తన రిజిస్టరు తెచ్చి చూపించి, "నా చేత్తో కుట్టాను సార్, ఈ ముడి నాది కాదు" అంది. నన్ను పిలిచారు.

నాకు పంపిన కవరు, దాని మీద వ్యక్తిగతం అన్న మాట చక్కగా రాసి ఉంది, అప్పటికి నా చేతిలోనే ఉంది. కమిటీ అయిపోయింది, ఆ కాగితాల సంగతి నాకేమీ తెలియదని అనవచ్చు. మేడమ్ మీదికి నెట్టవచ్చు. గది మధ్యలో నిలబడి ఆ రెండూ ఆలోచించాను, అబద్ధం ఆడను. తర్వాత గంట సేపు అనుమతి అడిగి ఇంటికెళ్ళి, బీరువా అరలోంచి మూడు కాగితాలూ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. చొక్కాలన్నీ మంచం మీద పడేసి తీస్తుంటే నీ మరదలు తలుపు దగ్గర నిలబడి చూసింది. ఏం జరిగిందని అడిగింది. మా అక్క రాసిన ఉత్తరం అన్నాను.

డైరెక్టరు గారు మూడు పేజీలూ చదివారు. ట్రాం డ్రైవరు కునుకు దగ్గర కాస్త ఆగినట్టు అనిపించింది. నన్ను సస్పెండ్ చేశారు, ఎంక్వైరీ ఉంటుంది. కమిటీ మళ్ళీ కూర్చుని పాటల మాస్టారి కేంద్రం ఉంచింది, మార్చి ఆఖరుకు నీది మూసేస్తుంది. ఉత్తర్వు వేరే వస్తుంది.

తిట్టమన్నావు కదా. పదిహేడేళ్ళు ఒక్క కాగితం ముట్టుకోనివాణ్ణి, అది నీ పొరపాటు అనుకుని ముట్టుకున్నాను. పొరపాటు కాదని ఒక్క ముక్క, డిసెంబరులో ఒక్క ముక్క రాసి ఉంటే, దాన్ని అక్కడే ఉండనిచ్చేవాణ్ణి. నీకు తేలిగ్గా ఉందని రాశావు. ఆ బరువు ఎక్కడికి పోయిందనుకున్నావు?

పాప అడుగుతోంది, నాన్న ఇంట్లోనే ఎందుకుంటున్నాడని. దానికేం చెప్పాలో అత్తగా నువ్వే రాయి.


చదువుకునే హాలు
ఫిబ్రవరి 12

నిధుల విభాగంలో మా తమ్ముడు కూర్చునే కుర్చీకి,

ఆ కుర్చీ ఖాళీగా ఉందని తెలుసు. తెలిసే అక్కడికి రాస్తున్నాను. ఇంటికి రాస్తే ఇది వాడికి ఒక్కడికే చేరుతుంది. వాడికి ఒక్కడికే చెప్పి తప్పించుకోవడం నాకు బాగా అలవాటు.

డైరెక్టరు గారికి రాసిన లేఖలో అంకెలు తప్పని ఒప్పుకున్నాను గానీ, అసలు సంగతి మింగేశాను. 412 నంబరు ఉత్తరం ఫైల్లోకి పొరపాటున రాలేదు. నేనే రప్పించాను. కావాలనే కవరు మీద ఆ మాట రాయకుండా, మరిచిపోయానని నా తమ్ముడితో అబద్ధమాడాను. నేను ఆపదలో ఉన్నాననుకుని వాడు దాన్ని తీశాడు. తీయడం తప్పే, కాదనను. కానీ చించకుండా దాచాడు, అడిగినప్పుడు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాకు అడగకుండా చెప్పే ధైర్యం లేకపోయింది, వాడికి అడిగాక దాచే బుద్ధి లేకపోయింది. ఎంక్వైరీలో మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టండి. ఇరవై మూడో తారీఖుకల్లా నేను అక్కడ ఉంటాను, టిక్కెట్టు తీసుకున్నాను.

మూసేముందు నిజం లెక్క కూడా ఉండాలి కాబట్టి, పొయ్యి కోసం వచ్చేవాళ్ళనూ పుస్తకం కోసం వచ్చేవాళ్ళనూ విడివిడిగా నొక్కమని గేటు పెద్దాయనకు రెండో మర ఇచ్చాను. ఆయన రెండు చేతుల్లో రెండు పట్టుకుని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు. ట్రాం డ్రైవరు వ్యాకరణం చేతిలో పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. "పొయ్యి కోసమే వచ్చాను. కానీ నిన్న నాలుగు పేజీలు చదివాను. ఏ చేతిలోది నొక్కుతావు?" అన్నాడు. పెద్దాయన నా వైపు చూశాడు. ఆ రోజు అంకెలు పొయ్యికి నూట పన్నెండు, పుస్తకానికి ముప్ఫై ఒకటి, ఏ చేతికీ రానివాడు ఒకడు. అలాగే రాసి సంతకం పెట్టాను.

మేనకోడలికి, మీ నాన్న తప్పు చేశాడు గానీ అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పింది మీ అత్త. వచ్చి నీ ఎదురుగా కూర్చుని మళ్ళీ చెబుతాను.

ఇంకొక్క సంగతి కూడా రికార్డులో ఉండాలి. ముప్ఫై రెండేళ్ళ కిందట మా నాన్న కళ్ళజోడు పగలగొట్టింది నేను. దెబ్బలు తిన్నది నా తమ్ముడు. పక్క గదిలో పుస్తకం తెరిచి పెట్టుకుని, అన్నీ వింటూ కూర్చున్నాను.

ఇన్‌వార్డు మేడమ్ గారూ, కవరు మీద వ్యక్తిగతం అని లేదు, మీరు చూసే ఉంటారు. ఈసారి కూడా మరిచిపోలేదు. మొత్తం రెండు కాగితాలు. దయచేసి రెండింటి మీదా ముద్ర వేయండి, నంబరు వేసి, గట్టిగా కుట్టండి.